ఎవరి పేరు? ఏమి అర్థం? – తిరుపతి, చిత్తూరు ప్రాంతపు నామకరణంలో తరాల మార్పు: ఒక నైతిక విచారణ

వ్యాససంగ్రహం: తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో మూడు తరాల వ్యక్తినామాలను పక్కపక్కన పెట్టి చూస్తే, పేర్లతో పాటు పేరును గురించి మనం అడిగే ప్రశ్న కూడా మారినట్లు తెలుస్తుంది. 'ఎవరి పేరు పెట్టారు?' అన్న ప్రశ్న స్థానంలోకి 'ఆ పేరుకు అర్థం ఏమిటి?' అన్న ప్రశ్న వచ్చింది. ఈ మార్పును సంప్రదాయభ్రంశమని నిందించడం గాని, కేవలం అభిరుచి అని వదిలివేయడం గాని సరికాదని ఈ వ్యాసం వాదిస్తుంది. పేరు మీద పితరులకు, పెట్టేవారికి, ధరించేవారికి ఉన్న హక్కులను విడివిడిగా పరిశీలించి, తాత పేరు పెట్టడం మనుమడి తరానికి విధి కాదని, ఆ పేరు ఎందుకు ఉండేదో చెప్పడం మాత్రం విధి అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వ్యక్తినామాలు, నామకరణం, యదృచ్ఛాశబ్దం, త్రిపురుషానూకం, గౌరవం, రాయలసీమ.

1. ప్రస్తావన

తెలుగులో 'పేరు పెట్టు' అన్న క్రియకు రెండు అర్థాలున్నాయి. బిడ్డకు పేరు పెట్టడం ఒకటి. 'ఆమె పనికి పేరు పెట్టడానికి లేదు' అన్నప్పుడు తోచే అర్థం, అంటే తప్పెన్నడం, మరొకటి. రెండింటిలోనూ పెట్టేవారు ఒకరు, భరించేవారు ఇంకొకరు. నామకరణంలో ఈ అసమానత సంపూర్ణమైనది. జీవితాంతం తనను గుర్తించబోయే మాటను ఎన్నుకోవడంలో బిడ్డకు ఏ పాలూ లేదు. కాబట్టి నామకరణం భాషకు, ఆచారానికి సంబంధించినంతగా నీతికి కూడా సంబంధించినది.

వ్యక్తినామాలను దైవనామాలు, పూర్వికుల నామాలు, ప్రకృతినామాలు అని వర్గీకరించడం మనకు అలవాటైన పద్ధతి. ఆ వర్గీకరణ ఉపయోగకరమే. అయితే ఒక వర్గం నుంచి మరొక వర్గానికి జనం ఎందుకు కదిలారో, ఆ కదలికలో ఎవరికి ఏమి దక్కిందో, ఎవరికి ఏమి పోయిందో అది చెప్పదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నను ఎత్తుకుంటుంది. దీని ఆధారం పేర్ల లెక్క కాదు, పేర్ల తర్కం.

పరిధి విషయం. నాటి ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో తిరుపతి జిల్లా వెలిసింది. మధ్యలో 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. సరిహద్దు జరిగింది గాని, తిరుత్తణి కొండమీది దేవుడి పేరు చెంగల్రాయుడుగా ఇవతలి ఇళ్లలోనే ఉండిపోయింది. పేర్ల పటం పాలనాపటంతో ఏకీభవించదు. కాబట్టి ఈ వ్యాసంలో 'ప్రాంతం' అంటే పేర్లు గీసిన ప్రాంతం.

2. ఊరూ పేరూ

అనామకుణ్ణి 'ఊరూ పేరూ లేనివాడు' అంటాం. ఈ జంటపదంలోని రెండు మాటలు ఈ ప్రాంతంలో ఒకనాడు దాదాపు ఒకటే. పేరు వింటే ఊరు, కనీసం ఊరి దిక్కు తెలిసేది. అలివేలమ్మ, మంగమ్మ అంటే తిరుచానూరు. ఏడుకొండలు, శేషాచలం, గోవిందయ్య అంటే తిరుమల. జ్ఞానప్రసూన అంటే శ్రీకాళహస్తి. గంగమ్మ, గంగయ్య, గంగులప్ప అన్న పేర్ల వెనుక తిరుపతి తాతయ్యగుంట నుంచి పుంగనూరు దగ్గరి బోయకొండ దాకా పరచుకున్న గంగమ్మ జాతరలున్నాయి. సూళ్లూరుపేట చెంగాళమ్మను తలపించే చెంగమ్మ తూర్పున, రెడ్డెమ్మ, రెడ్డెప్ప పడమటి మండలాల్లో వినిపించే పేర్లు. రెడ్డెప్ప అన్న పేరు కులాన్ని చెప్పదు, గ్రామదేవతను చెబుతుంది. ఆ తేడా బయటివారికి తెలియదు. ధర్మరాజుల గుళ్లలో భారతం జరిగే ఊళ్లలో ద్రౌపది ఇతిహాసపాత్ర కాదు, వేల్పు. అందుకే ఇతర ప్రాంతాల్లో ఆడపిల్లకు అరుదుగా పెట్టే ఆ పేరు ఇక్కడ ద్రౌపదమ్మగా ఇంటిపేరంత సహజంగా వినిపించింది.

వీటన్నిటికంటే విస్తృతమైనది 'ముని' శబ్దం. మునెమ్మ, మునెయ్య, మునెప్ప, మునిస్వామి, మునిరత్నం, మునిరాజు, మునికన్నడు. పొలిమేర కాచే మునీశ్వరుడి పేర వెలసిన ఈ నామకుటుంబం తెలుగు, తమిళ సీమలు కలిసే చోట దట్టంగా ఉంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన నవలకు 'మునికన్నడి సేద్యం' అని పేరు పెట్టినప్పుడు, ఆ శీర్షికలోని మొదటి పదమే కథ ఎక్కడిదో చెప్పింది. వర్ణనతో పని లేకపోయింది.

ఈ పేర్లలో చరిత్రపొరలు కూడా ఉన్నాయి. తిరుమల 'తిమ్మ'గా, తిరువేంగడం 'వెంగళ', 'వెంగమ'గా తెలుగు నాలుక మీద ఒదిగాయి. అన్నమాచార్యుల భార్య తిమ్మక్క, ఆయన మనుమడు తిరువెంగళనాథుడు, తరిగొండ వెంగమాంబ ఒకే కొండ పేరును మూడు ధ్వనిరూపాల్లో మోశారు. తాళ్లపాక వంశంలో 'తిరుమల' తండ్రికీ కొడుక్కీ పేరైంది. వారిని వేరుచేసింది పేరు కాదు, దానికి ముందున్న 'పెద', 'చిన' అన్న విశేషణాలు. పేరు ఒక్కరికే చెందాలన్న పట్టుదల ఆ వ్యవస్థలో లేదు. ఒకే ఊళ్లో అయిదుగురు మునెమ్మలుంటే ఇంటిపేరో, పుట్టినూరో, ఇంటి గుర్తో వారిని విడదీసేది. ఒకే పేరు గలవారి మధ్య ఒక చిన్న బంధుత్వం కూడా ఉండేది.

మతాల మధ్య గోడలను కూడా ఈ పేర్లు పెద్దగా లెక్కచేయలేదు. రాయలసీమ దర్గాలలో మొక్కుకొని కన్న బిడ్డలకు హిందువుల ఇళ్లలో దస్తగిరి, మస్తానయ్య, మస్తానమ్మ, ఫకీరప్ప, ఉసేనమ్మ అన్న పేర్లు పెట్టారు. మొక్కు తీరిన చోటును పేరు గుర్తుపెట్టుకుంది. ఆ చోటు ఎవరి మతానిదన్న విచారణ ఆ గుర్తులో లేదు.

ఈ పేర్ల గురించి అడగదగిన సహజమైన ప్రశ్న 'ఎవరి పేరు?' అన్నదే. వేల్పు పేరా, అబ్బ పేరా, అవ్వ పేరా, మొక్కుకున్న పీరు పేరా? జవాబు ఒక వ్యక్తినో, ఒక స్థలాన్నో చూపుతుంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తల్లిదండ్రులకు ఎనిమిదో సంతానం కనుక, దేవకి ఎనిమిదో సంతానమైన కృష్ణుడి పేరు పొందారు. అక్కడ పేరుకు కారణం దాని నిఘంటు అర్థం కాదు, ఒక పోలిక.

3. పిలిచేవాడి చేతిలో పేరు

ఇంతవరకు చెప్పినది విని, ఇంత నిండైన పేర్లను తర్వాతి తరం ఎందుకు వదులుకుందని బాధపడడం సులభం. ఆ బాధ వ్యక్తమయ్యే వ్యాసాలూ ప్రసంగాలూ మనకు కొత్త కాదు. అయితే పెట్టిన పేరు వేరు, పిలిచిన పేరు వేరు. ఈ తేడాను పట్టించుకోని విచారణ అసంపూర్ణం.

అమ్మ, అయ్య, అప్ప అన్న ప్రత్యయాలు పేరులోనే మర్యాదను ఇమిడ్చాయి. శ్రీనివాసులు, ఆంజనేయులు, వెంకటేశ్వర్లు అన్నవి రూపంలో బహువచనాలు, అర్థంలో గౌరవవాచకాలు. పసిబిడ్డను కూడా మునెమ్మా అని పిలవడంలో పెద్దరికాన్ని ముందుగానే ఇవ్వడం ఉంది. కాని ఈ మర్యాద అందరికీ అందలేదు. అదే మునెయ్య ఒక వీధిలో మునెయ్యగా నిలిచి, మరొక వీధిలో మునిగాడయ్యాడు. వెంకటప్ప ఎంకటిగాడయ్యాడు, నాగమ్మ నాగి అయింది. పేరు ఒకటే, ప్రత్యయాన్ని నిర్ణయించినది పిలిచేవాడి కులం, పిలిపించుకునేవాడి కులం. జీతగాడి పేరుకు చివర 'గాడు' తగిలించే హక్కు ఏ శాస్త్రమూ రాసివ్వకుండానే చెల్లుబాటైంది.

రాసిచ్చిన శాస్త్రం కూడా లేకపోలేదు. మనుస్మృతి రెండో అధ్యాయంలో 31, 32 శ్లోకాలు వర్ణాన్ని బట్టి పేరు ఎలా ఉండాలో చెబుతాయి. బ్రాహ్మణుడి పేరు మంగళాన్ని, క్షత్రియుడిది బలాన్ని, వైశ్యుడిది ధనాన్ని, శూద్రుడిది జుగుప్సను సూచించాలంటాయి. 33వ శ్లోకం స్త్రీల పేర్లు సుఖంగా పలికేవిగా, మనోహరంగా ఉండాలంటుంది. అంటే స్త్రీ పేరుకు పిలిచేవాడి సౌకర్యం, శూద్రుడి పేరుకు పిలిచేవాడి ఏహ్యం ప్రమాణాలు. పల్లె ఈ శ్లోకాలను చదవలేదు. బిడ్డకు దేవుడి పేరే పెట్టుకుంది. అయితే శాస్త్రం నామంలో పెట్టమన్న జుగుప్సను ఊరి పెత్తనం పిలుపులో పెట్టింది.

ఈ నేపథ్యంలో 1960ల తర్వాత వెల్లువెత్తిన సురేష్, రమేష్, ప్రసాద్, ప్రదీప్, సునీత, సుజాత వంటి పేర్లను చూడాలి. సినిమా ప్రభావం, పత్రికల్లో ధారావాహిక నవలల ప్రభావం, బెంగాలీ అనువాదాల ప్రభావం అన్నవి ఈ పేర్లు ఎక్కడినుంచి వచ్చాయో చెబుతాయి. ఎందుకు నిలిచాయో చెప్పవు. ఈ పేర్లకు రెండు గుణాలున్నాయి. మొదటిది, విన్నవెంటనే కులాన్నీ ఊరినీ బయటపెట్టవు. రెండవది, హలంతంగా ముగిసే ప్రదీప్‌ను పాత పద్ధతిలో తుంచి తేలిక చేయడానికి సులువు కాదు, అందుకు కొంత ప్రయత్నం కావాలి. అజంతభాష అయిన తెలుగులో పురుషనామాలు ఇంత మూకుమ్మడిగా హలంతాలు కావడాన్ని ధ్వనిశాస్త్రపు వింతగా మాత్రమే చూడలేం. 'గాడు' తగిలే చోటును ఆ హల్లు కొంతవరకు మూసింది.

బడి ఈ మార్పుకు గడప. జనన నమోదు అరుదుగా ఉన్న కాలంలో బడిలో చేర్చేనాడు రిజిస్టరులో ఎక్కిన పేరే శాశ్వతనామం. ఇంట్లో మునిగాడు అక్కడ మునిరత్నమో మునికృష్ణుడో అయ్యాడు. మునికుమార్, మునిలక్ష్మి, మునిప్రసాద్ వంటి సంధికాలపు పేర్లు ఈ గడప మీద నిలబడినవే. మొదటి సగం అబ్బది, రెండో సగం బిడ్డది. వేల్పును వదలకుండా పిలుపును మార్చుకోవడానికి ఒక తరం కనుక్కున్న ఉపాయం ఇది. కాబట్టి ఆ తరం తల్లిదండ్రులు మునీశ్వరుణ్ణి వదిలేశారనడం కంటే మునిగాణ్ణి వదిలించుకున్నారనడం సత్యానికి దగ్గర. వారు చేసినది సంప్రదాయద్రోహం కాదు, న్యాయసాధన.

4. మృత్యువును మోసగించే పేర్లు

పాతపేర్లలో మరొక పాయ ఉంది. వరుసగా బిడ్డలు పోతున్న ఇంట పుట్టిన శిశువును పెంటకుప్ప మీద పెట్టి తిరిగి తెచ్చుకొని పెంటయ్య, పెంటమ్మ అని పిలవడం, ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించి పుల్లయ్య అనడం తెలుగుదేశమంతటా ఉన్న ఆచారాలు. ఈ సరిహద్దు సీమలో తమిళుల కుప్పన్, కుప్పుసామి పేర్లకు జతగా కుప్పయ్య, కుప్పమ్మ అన్నవి వినిపించాయి. పైకి మనుస్మృతి చెప్పిన జుగుప్సే ఇక్కడా కనిపిస్తుంది. నైతికంగా ఈ రెండూ పరస్పరవిరుద్ధాలు. ఒకటి మనిషిని తక్కువ చేయడానికి పెట్టినది. రెండవది మనిషిని దక్కించుకోవడానికి, మృత్యువు కంటికి బిడ్డ విలువలేనిదిగా కనిపించాలన్న ఆశతో పెట్టినది. పెంటమ్మ అన్న పేరులో ఉన్నంత మాతృభయం, మాతృప్రేమ ఏ సంస్కృతనామంలోనూ లేవు.

అయినా ఆ పేరు పోయినందుకు విచారించనక్కర లేదు. దాన్ని పుట్టించిన భయం చాలావరకు పోయింది. 2020 నాటి నమూనా నమోదు అంచనా ప్రకారం దేశంలో వేయి జననాలకు ఏడాదిలోపు శిశుమరణాలు 28. నూరేళ్ల కిందట ఈ సంఖ్య దీనికి ఎన్నో రెట్లు. టీకా, కాన్పుగది, శుభ్రమైన నీరు చేసిన పనివల్ల ఆ పేరుకు పని లేకుండా పోయింది. కొన్ని పేర్లు అంతరించడం సమాజపు విజయమని గుర్తించడానికి ఇది తిరుగులేని ఉదాహరణ.

అయితే ఆ పేరు ధరించి బడికి వెళ్లిన బిడ్డకు దాని వెనుకనున్న ప్రేమ తెలియదు, తోటివారి నవ్వే తెలుస్తుంది. పెట్టినవారి ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పేరు మంచిది కాబోదని ఇక్కడే తేలుతుంది. ఉద్దేశం కూడా చెడ్డదైన చోట అన్యాయం ఇంకా స్పష్టం. ఆడపిల్ల వద్దన్న అర్థంలో 'నకుశా' అని పేరు మోస్తున్న 280 మందికి పైగా బాలికలకు 2011లో మహారాష్ట్రలోని సాతారా జిల్లా యంత్రాంగం బహిరంగంగా కొత్త పేర్లు ఇప్పించింది. పెట్టినవారికి పేరు మీద తిరుగులేని హక్కు ఉందని నమ్మేవారు ఆ సభను ఎలా తప్పుపట్టగలరు? తప్పుపట్టలేమని మనసు ఒప్పుకుంటే, ధరించేవారి హక్కు పెట్టేవారి హక్కును కొట్టివేయగల సందర్భాలున్నాయని ఒప్పుకున్నట్లే.

5. అర్థం అనే కొత్త ప్రశ్న

ఇప్పటి తరం దగ్గరికి వద్దాం. రిత్విక్, మోక్షిత్, చర్విత్, హన్సిక, జశ్విత, లాస్య వంటి పేర్లు నేటి శిశుతరగతుల్లో వినిపిస్తున్నాయి. ఈ పేరు విన్నవారు 'ఎవరి పేరు?' అని అడగరు, 'అర్థం ఏమిటి?' అని అడుగుతారు. తల్లిదండ్రులు సిద్ధంగా ఒక అర్థం చెబుతారు. ఆ అర్థం కొన్నిసార్లు నిఘంటువులో ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు. సంస్కృతం చదివినవారు ఉండని సందర్భాలను ఎగతాళి చేస్తారు.

ఈ ఎగతాళికి ముందు వ్యాకరణశాస్త్రాన్ని ఒకసారి సంప్రదించాలి. పతంజలి మహాభాష్యం శబ్దప్రవృత్తిని జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా అని నాలుగు విధాలుగా చెప్పింది. వక్త ఇచ్ఛానుసారం పెట్టిన, అర్థనిమిత్తం లేని పేరు యదృచ్ఛాశబ్దం. డిత్థుడు, డవిత్థుడు దానికి ప్రసిద్ధోదాహరణలు. అంటే అర్థంలేని పేరు రెండువేల ఏళ్ల కిందటే శాస్త్రం గుర్తించిన వాస్తవం. అక్కడే ఒక చర్చ ఉంది. ఎవరో తన ఇష్టప్రకారం ఌతకుడని పేరు పెట్టుకుంటే, అది సాధుశబ్దమా, లేక ఋతకుడని సరిదిద్దాలా? సరిదిద్దాలన్న వాదమూ, యదృచ్ఛాశబ్దాలు అసలే లేవన్న వాదమూ భాష్యంలో కనిపిస్తాయి. పండితుల ఎగతాళికి, కొత్త పేర్ల సాహసానికి మధ్య నేడు జరుగుతున్న వివాదం ఈ చర్చకు కొనసాగింపే.

పాశ్చాత్యతర్కంలో ఇదే సమస్య మరొక దారిన వచ్చింది. 1843లో జాన్ స్టువర్ట్ మిల్, సంజ్ఞానామం వస్తువును చూపుతుందే గాని దాని గుణాన్ని చెప్పదన్నాడు. 1970 నాటి ఉపన్యాసాల్లో సాల్ క్రిప్కీ, పేరు వ్యక్తిని పట్టుకునేది వర్ణన ద్వారా కాదని, తొలి నామకరణం నుంచి నోటినోటా సాగివచ్చిన పరంపర ద్వారా అని వివరించాడు. ఈ దృష్టితో చూస్తే 'ఎవరి పేరు?' అన్న మన పాత ప్రశ్నే పేరు స్వభావానికి దగ్గరది. అర్థం పేరుకు అలంకారం, పరంపర దానికి ప్రాణం. అయితే కొత్త పేరుకు పరంపర లేదనడం కూడా తొందరపాటే. దాని పరంపర అప్పుడే మొదలవుతోంది. తిమ్మ అన్న మాట కూడా ఒకనాడు ఎవరో మొదటిసారి పలికినదే.

కొత్త పేర్ల అసలు లక్షణం అర్థం కాదు, అనన్యత. ఎవరికీ లేని పేరు కావాలి. స్టాన్లీ లీబర్‌సన్ 2000లో ప్రచురించిన గ్రంథంలో పేర్ల అభిరుచి బయటి సంఘటనల వల్లనే కాక తన అంతర్గతచలనం వల్ల కూడా మారుతుందని, ప్రతి మార్పూ ముందున్న రుచిని కొద్దిగా సవరిస్తూ సాగుతుందని చూపించాడు. అనన్యత కోసం అందరూ ఒకే దిక్కుకు పరుగెత్తినప్పుడు '-విక్', '-ఇత్', '-ఇత' అన్న ఒకే తోకలు గల పేర్లు మిగలడం ఈ చలనఫలితం. మరొక విచిత్రం కూడా గమనించాలి. పాత పేరు వేల్పునో పెద్దలనో చూసి పెట్టినది కనుక జన్మనక్షత్రపు అక్షరానికి కట్టుబడవలసిన అవసరం అంతగా లేదు, జన్మనామం వేరుగా ఉండేది. నేడు చాలామంది 'చూ, చే, చో, లా' వంటి నక్షత్రాక్షరాల నుంచే వెతుకులాట మొదలుపెడతారు, సంఖ్యాశాస్త్రం చెబితే మరో అక్షరం కలుపుతారు. ఆధునికంగా వినిపించే పేరు పాతదాని కంటే ఎక్కువగా జ్యోతిషానికి లొంగి ఉంది.

ఇక్కడ రెండు తరాల మార్పులను వేరుచేసి చూడాలి. మునిగాడు ప్రదీప్ కావడంలోని విలువ సమానత్వం, నలుగురిలో ఒకడిగా నిలబడడం. ప్రదీప్ కొడుకు చర్విత్ కావడంలోని విలువ ప్రత్యేకత, నలుగురిలో ఒక్కడిగా కనబడడం. మొదటిదానికి న్యాయబలం ఉంది. రెండవది ఆశ. ఆశ తప్పు కాదు గాని, దానికి న్యాయబలం ఉన్నట్లు మాట్లాడలేం.

6. పేరు ఎవరిది?

పేరు మీద ముగ్గురు హక్కుదారులున్నారు.

మొదటివారు పితరులు. మహాభాష్యం పస్పశాహ్నికంలో యాజ్ఞికుల మాటగా వచ్చే నామకరణనియమాల్లో 'త్రిపురుషానూకం' ఒకటి. పేరు తండ్రికి పైనున్న మూడు తరాలను అనుసరించేదిగా ఉండాలన్నది దాని భావం. మన ఇళ్లలో మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు అన్న వాడుక దీనికి దగ్గరగా ఉంది. ఇందులోని నైతికబీజం ఋణభావన. అయితే ఈ ఋణం పేరు రూపంలోనే తీరాలా? ఆచారమే మరో సంగతి చెబుతుంది. మామగారి పేరు పలకకూడని కోడలు ఆ పేరు గల కొడుకును అబ్బోడా అనో, నాయనా అనో పిలుచుకుంది. అత్తపేరు గల కూతుర్ని ఆ పేరుతో తిట్టలేకపోయింది. పితృనామం బిడ్డ మీద నిలిచింది గాని తల్లి నోట పలకలేదు. గౌరవం వల్లనే అది వాడుక నుంచి దూరమైంది. పేరు పెట్టడం, పేరు తలచుకోవడం ఒకటి కాదన్న మాట.

రెండవవారు పెట్టేవారు. భాగవతం షష్ఠస్కంధంలో, తెలుగులో ఏర్చూరి సింగన రచించిన భాగంలో, అజామిళుడు అవసానవేళ చిన్నకొడుకును 'నారాయణా' అని పిలిచాడు. అతడు తలచినది కొడుకును, ఫలించినది దేవుని పేరు. ఈ కథను సాధారణంగా నామమహిమకు దృష్టాంతంగా చెబుతారు. నామకరణవిచారణకు అందులో మరొక సూచన ఉంది. పెట్టినవాడి ఉద్దేశాన్ని దాటి పేరు పనిచేస్తుంది. ఏడుకొండలును అన్నానికి పిలిచిన ప్రతిసారీ ఒక కొండ పలికింది, పిలిచినవారికి భక్తి ఉన్నా లేకున్నా. అదే న్యాయంతో, ప్రేమతో పెట్టిన పెంటమ్మ బిడ్డను గాయపరచింది. పేరు చేసే పని పెట్టినవారి చేతుల్లో లేనప్పుడు, వారిది యాజమాన్యం కాదు, ధర్మకర్తృత్వం మాత్రమే. బిడ్డ సొత్తును బిడ్డ ఎదిగేదాకా కాపాడేవారి బాధ్యత వారిది.

మూడవవారు ధరించేవారు. వీరి హక్కు అన్నిటికంటే బలమైనది, అన్నిటికంటే ఆలస్యంగా వినిపించేది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 2023 అక్టోబరు 1 నుంచి అమలైన దాని సవరణ పేరును పుట్టుకతోనే పత్రానికి కట్టివేశాయి. మునిగాడు బడిగడప మీద మునికృష్ణుడు కాగలిగిన వెసులుబాటు నేటి బిడ్డకు అంత సులభంగా లేదు. కాబట్టి పెట్టేవారి జాగ్రత్త ఒకనాటికంటే ఇప్పుడు ఎక్కువ ఉండాలి.

నమోదుపత్రం పేరును ఎలా గడ్డకట్టిస్తుందో చూపడానికి దక్షిణాఫ్రికా ఉదాహరణ ఉంది. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నేటాల్ చెరకుతోటలకు వెళ్లిన ఒప్పందకూలీల్లో ఉత్తర ఆర్కాటు జిల్లా వారు చాలామంది. చిత్తూరు అప్పుడు ఆ జిల్లాలోనిదే. అక్కడి పత్రాల్లో వ్యక్తినామాలు తర్వాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి. ఇక్కడ బిడ్డలకు పెట్టడం మానేసిన మునిస్వామి అక్కడ 'మూన్‌సామి'గా వంశనామమై ఇప్పటికీ ఉంది. ఆ పేరు అక్కడ మూడు తరాలను దాటి నిలిచింది. కాని మునీశ్వరుడు ఎవరో, పొలిమేర ఏదో ఆ అక్షరాలు చెప్పలేవు. పేరు నిలిచినంత మాత్రాన జ్ఞాపకం నిలిచినట్లు కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర లేదు.

దీనికి విలోమం కూడా సాధ్యమే. చర్విత్ అన్న బిడ్డకు తన ముత్తాత మునెప్ప అని, ఆ పేరు పొలిమేర దేవుడిదని, ఆయన్ను ఊళ్లో కొందరు మునిగాడని పిలిచేవారని, అందుకే తన తాత ప్రదీప్ అన్న పేరును ఏరి తన తండ్రికి పెట్టాడని తెలిస్తే, పేరు పోయినా పరంపర పోలేదు. పైగా పాతపేరు మోసినవారికంటే ఆ బిడ్డకు ఎక్కువ తెలిసినట్లే. ఈ కథలో దేవుడూ ఉన్నాడు, అవమానమూ ఉంది. రెండూ చెప్పాలి. గంగమ్మ జాతర వైభవం చెప్పి 'గాడు' సంగతి దాచితే అది జ్ఞాపకం కాదు, అలంకారం. ఇప్పుడు కొందరు చదువుకున్నవారు పాతపేర్లను వారసత్వచిహ్నాలుగా తిరిగి పెడుతున్నారు. అందులో ప్రేమ ఉండవచ్చు. అయితే ఆ పేరుతో అవమానం ఎరగని ఇంటివారు దాన్ని అందంగా ధరించగలగడం, అవమానం ఎరిగిన ఇంటివారు ధరించలేకపోవడం ఒకే చరిత్రకు రెండు ముఖాలని మరువకూడదు.

7. ముగింపు

పై విచారణ నుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. ఒకటి, పూర్వికుల పేరు పునరుక్తం చేయడం విధి కాదు, దాని కథను అందించడం విధి. రెండు, పేరు పెట్టే అధికారం ధర్మకర్త అధికారం, దానికి హద్దు ధరించేవారి గౌరవం. మూడు, పేరులోని మర్యాద పెట్టినవారితో పూర్తికాదు, పిలిచే ప్రతివారి మీదా ఆ బాధ్యత ఉంది. ఈ మూడవది తీరకపోతే ఏ కొత్త పేరూ రక్షణ కాదు. తక్కువగా చూసే నోరు ప్రదీప్‌ను కూడా 'ప్రదీప్‌గాడు' చేయగలదు, చేస్తూనే ఉంది.

ఈ విధిలో తెలుగుశాఖలకు కూడా పాలుంది. తిరుమల తిరుపతి దేవస్థానం శాసనసంపుటాలలోని దాతల పేర్లు మొదలుకొని బడుల ప్రవేశపుస్తకాలు, అడంగళ్లు, ఓటర్ల జాబితాల దాకా ఈ ప్రాంతపు పేర్లు పరచుకొని ఉన్నాయి. వాటిని అక్షరక్రమంలో పేర్చి, వ్యుత్పత్తి చెప్పి ముగించకుండా, ప్రతి పేరుకూ రెండు విషయాలు నమోదు చేయాలి: అది ఎవరి పేర పెట్టినది, దాన్ని ఎవరు ఎలా పిలిచారు. రెండవ విషయం ఏ రికార్డులోనూ ఉండదు. ఆ పిలుపులు పడినవారు, పిలిచినవారు ఇంకా మన పల్లెల్లో ఉన్నారు. వారిని అడగడానికి మిగిలిన వ్యవధి ఒక తరం మాత్రమే.